వేపమండల దసరా

మా జనగామలో ఒక మనిషిని ఇంటికి రావద్దని చెప్పడం కంటే రమ్మని చెప్పడమే సుఖం. రమ్మంటే తీరిక చూసుకుని ఎప్పుడో వస్తారు. రావద్దంటే మాత్రం, అయ్యో ఏమైందో ఏమోనని, చేతిలో పనులన్నీ వదిలేసి ఆ సాయంత్రమే వాకిట్లో ఉంటారు. ఉత్త చేతులతో కూడా రారు, ఏదో ఒక గిన్నె పట్టుకొస్తారు. పంది జ్వరం, అదే స్వైన్ ఫ్లూ, వచ్చిన ఏడు ఈ సంగతి మా ఇంటిల్లిపాదికీ బాగా తెలిసొచ్చింది.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. నేను డిగ్రీ చదువుతున్నానని చెప్పుకునేవాడిని గాని, డిగ్రీ కాలేజీలో ఉండేది, నేను బస్టాండు ముందర ధర్నాలో ఉండేవాడిని. పేపరు తెరిస్తే ఒక పేజీలో మా లొల్లి, పక్క పేజీలో పంది జ్వరం లొల్లి. పోలీసులు లాఠీలు తీస్తారేమో అని ఎవడైనా అంటే పక్కవాడు "ఏం గాదు తియ్" అనేవాడు. ఈ జ్వరం హైదరాబాదు దాటి మన దాకా వస్తుందట అంటే కూడా అదే జవాబు, "ఏం గాదు తియ్". మా వైపు ఇది మాట కాదు, మందు. కాలు విరిగినా, పరీక్ష పోయినా, పెళ్ళి తప్పినా అందరికీ ఇదే డోసు.

ఆ మందు పని చెయ్యనిది మా అక్క ఒక్కతికే. అక్కను భూపాలపల్లికి ఇచ్చాం. బావ బొగ్గుబాయిలో పని. పెళ్ళైన తర్వాత రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండుసార్లూ ముందునుంచీ చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా "ఏం గాదు బిడ్డా" అన్నవాళ్ళే. మూడోసారి ఆరో నెల పడ్డాక అక్కడి డాక్టరమ్మ గట్టిగా చెప్పింది, ఈ జ్వరం కడుపుతో ఉన్నవాళ్ళకు మంచిది కాదు, గుంపుల్లోకి అసలు పోవద్దు అని. బావకు ఆఫీసు పని మీద హైదరాబాదు వెళ్ళాల్సి వచ్చింది. ఎట్లాగూ బతుకమ్మకు ఆడపిల్ల పుట్టింటికి రావాల్సిందే కాబట్టి, బస్సు ఎక్కించకుండా జీపు మాట్లాడి తెచ్చి మా ఇంట్లో దింపి వెళ్ళాడు. అక్క జీపు దిగుతుంటే ఎదురింటి పెద్దామె వాకిట్లోంచే "గీసారి ఏం గాదులే బిడ్డా" అని అరిచింది. అక్క ముఖం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది. నాకు ఆ పెద్దామె మీద కోపం వచ్చింది, కానీ ఆమె నిజంగా ప్రేమతోనే అన్నది. మా గల్లీతో వచ్చిన కష్టమే అది.

బతుకమ్మ మొదలయ్యే ముందు అమ్మ గల్లీలో నలుగురికి మర్యాదగా చెప్పింది.

"ఈసారి మా బిడ్డను బతుకమ్మ ఆడనీకి పిలువకున్రి. డాక్టరమ్మ గుంపులకు పోవద్దన్నది. ఇంట్లనే ఉంటది."

అక్క గుంపులోకి పోకూడదు గదా అని ఆ సాయంత్రం గుంపే మా ఇంటికి వచ్చింది. ఒకామె నువ్వుల సత్తు, ఒకామె పల్లి సత్తు, ఇంకొకామె మలీద ముద్దలు, అన్నీ బతుకమ్మ ఫలారాలే. ప్రతి ఒక్కరూ అక్క చెంపలు నిమిరి మెటికలు విరిచారు. ఒకామె అక్క పక్కనే కూర్చుని, కొంగు అడ్డం పెట్టుకోకుండా తుమ్మి, "సల్లగాలి, ఏం గాదు" అన్నది. అందరికీ ఛాయ్ పోసి పోసి అమ్మ చేతులు పడిపోయాయి. మర్నాడు ఈ కబురు ఎట్లా అందిందో గాని మహబూబాబాదు నుంచి, అంటే మా మానుకోట నుంచి, పెద్దమ్మ ఇద్దరు కోడళ్ళను వెంటబెట్టుకుని రైలెక్కి వచ్చేసింది. వచ్చి అక్క మంచం మీదే కూర్చుని, అక్క చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, రైలు డబ్బాలో ఎంత రద్దీ ఉన్నదో, ఎవరెవరు ఎట్లా దగ్గారో, అందులో ఒకడు తన భుజం మీదే తల పెట్టి ఎట్లా పడుకున్నాడో వివరంగా చెప్పింది.

"గంత గుంపులకెల్లి ఎందుకొచ్చినవ్ అక్కా?" అన్నది అమ్మ ఏడుపు గొంతుతో.

"బిడ్డను గుంపులకు పోవద్దన్నరట గదనే. పానం ఆగక ఉరికొచ్చిన" అన్నది పెద్దమ్మ.

జాగ్రత్తలు మాత్రం ఎవరూ తక్కువ తీసుకోలేదు. కర్పూరం, యాలకులు చేతిరుమాలులో మూట గట్టి వాసన చూస్తే జ్వరం దగ్గరకు రాదని ఎవరో చెప్పారు. ఊరంతా ముక్కుల దగ్గర మూటలే. మా నాయినమ్మ ఇంట్లో అందరికీ ఒక్కో మూట కట్టి, మిగిలినదాన్ని దసరాకు కోద్దామని తెచ్చి పెరట్లో కట్టేసిన మేకపోతు మెడకు కట్టింది. ఎందుకే అంటే, "దసరా దాకనన్న బతకాలె గదరా వాడు" అన్నది. ఇంకోరోజు స్కూలు గ్రౌండులో జ్వరం రాకుండా తీపి మాత్రలు ఉచితంగా ఇస్తున్నారంటే బాపు వెళ్ళాడు. జ్వరాన్ని దూరం పెట్టే మందు కోసం జనగామ సగం ఆ గ్రౌండులో ఒకరి మీద ఒకరు పడ్డారు. బాపు చినిగిన అంగీతో, గుప్పెడు మాత్రలతో తిరిగొచ్చాడు. చినిగినందుకు కాదు గాని, కాజాలు తాను చేత్తో కుట్టుకున్న అంగీ అని చాలాసేపు బాధపడ్డాడు.

బాపు దర్జీ. రోడ్డు వైపు గది దుకాణం, దాని వెనక ఇల్లు. ఇంటి గుమ్మం పక్క గల్లీలోకి ఉంటుంది, దుకాణానికీ ఇంటికీ మధ్య ఒక తలుపు. మాస్కులు దొరకడం లేదని తెలిసి బాపు ఉద్యమం బ్యానర్లు కుట్టగా మిగిలిన గుడ్డతో మాస్కులు కుట్టాడు. ఒకదాని మీద 'జై' అని ఉండేది, ఒకదాని మీద సగం తెలంగాణ, నాకు వచ్చినదాని మీద ఉత్త ఆశ్చర్యార్థకం. వాటిని ధర్నాలో పంచితే మావాళ్ళు సంబరంగా కట్టుకున్నారు. కానీ నోటికి గుడ్డ కట్టుకుంటే నినాదం బయటికి రావడం లేదని మెడకు దించేశారు. నాయినమ్మకు ఇచ్చినది ఆమె ఆకులు, వక్కలు పెట్టుకోవడానికి వాడింది. కొలతకు బాగా కుదిరిందని మెచ్చుకుంది కూడా.

ఇట్లా నవ్వులాటగా నడుస్తుంటే ఒకరోజు మధ్యాహ్నం మా పక్క వీధి ఆవిడ హైదరాబాదు నుంచి వచ్చిన తన కొడుకును వెంటబెట్టుకుని అక్కను చూడటానికి వచ్చింది. వాడు అక్కకు ఎదురుగా కూర్చుని దగ్గుతూనే సత్తు తిన్నాడు. మర్నాడు వాడికి జ్వరం, దవాఖానకు తీసుకుపోయారని తెలిసింది. చివరికి అది మామూలు జ్వరమేనన్నారు గాని, ఆ సంగతి తెలిసే దాకా మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. అక్క వెనక గదిలోకి పోయి తలుపు వేసుకుంది. లోపలినుంచి ఏడుపు వినబడుతోంది.

"అమ్మా, నన్ను ఎటన్న తోలియ్యి. అడవిల గుడిసె ఏసినా ఉంట. ఈసారి గిది గూడ పోతె నేను బతుక."

అమ్మ తలుపు పట్టుకుని నిలబడిపోయింది. బాపు మిషన్ ఆపేశాడు. మా ఇంట్లో దసరా ముందర మిషన్ ఆగడం నేను ఎరగను. నాకు భయమేసింది. ధర్నాలో పోలీసు జీపు చూసినప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు.

నాయినమ్మ కొంగు బిగించి బయటికి వెళ్ళింది. కాసేపటికి చంక నిండా వేపమండలతో తిరిగొచ్చింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వైపు ఒంటి మీద ఆటలమ్మ పొక్కులు వస్తే రోగం అనరు, తల్లి పోసింది అంటారు. గుమ్మానికి వేపమండలు కడతారు. మండలు చూసిన మనిషి ఎంత దగ్గరి చుట్టమైనా గడప దాటడు. వాళ్ళు రాలేదని మనం, మనం పిలవలేదని వాళ్ళు అనుకునేది ఉండదు. ఇంట్లో తల్లి ఉన్నది గదా, ఆమె పోయాక చూద్దాం అంటారు.

"గుమ్మానికి కట్టురా" అన్నది నాయినమ్మ నాతో.

అమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "అత్తమ్మా! తల్లి మీద అబద్ధమా? కండ్లు పోతయ్."

"పోతె నా కండ్లు పోతయ్. ఎట్లాగు ఒకటి కనవడ్తలేదు. ఆమె గూడ ఆడిదే గదనే, తెలువదా ఆమెకు? గీ పోరి కడుపు నిలవెట్టనీకి జరసేపు పేరు వాడుకుంటున్నం. పండుగైనంక బోనం పెడ్త, మాఫీ చేస్తది."

బాపు మెల్లగా, "అవ్వా, దసరా సీజన్. మండలు కడితే దుకాణంలకు ఒక్కడు గూడ రాడు" అన్నాడు. నాయినమ్మ ఆయన వైపు చూసింది. బాపు లేచి, మండలు కట్టడానికి దారం తానే తెచ్చి ఇచ్చాడు. దర్జీ కదా, ముడి మాత్రం గట్టిగా వేశాడు.

ఇక తల్లి ఎవరికి పోసినట్టు? అక్కకు అని చెబితే అపశకునం. అమ్మకు అంటే వంట ఎవరు చెయ్యాలి? బాపును పడుకోబెడితే ఒక పూట కంటే ఉండడు. ముగ్గురూ నా వైపు చూశారు.

"నాకు ధర్నా ఉన్నది" అన్నాను.

"తెలంగాణ నువ్వు లేకున్న వస్తది తియ్. పండు" అన్నది నాయినమ్మ.

పసుపులో సున్నం కలిపితే ఎర్రగా అవుతుంది. అగ్గిపుల్ల వెనక భాగంతో నా ముఖం మీద, చేతుల మీద చుక్కలు పెట్టింది. ఆమె చిన్నప్పుడు ముగ్గులకు పేరున్న మనిషి. చుక్కలు వరసలు తప్పకుండా వచ్చేవి. అమ్మ చూసి, "అత్తమ్మా, తల్లి గిట్ల లైన్ల పోయదు" అని అంత ఏడుపులోనూ సరిదిద్దింది. తెల్ల పంచె, కింద వేపాకులు, కిటికీ పక్కన చాప. అద్దంలో చూసుకుంటే నాకే జాలేసింది.

డాక్టరమ్మ పేరు చెబితే వినని గల్లీ, రెండు మండలు కనబడగానే విన్నది. సాయంత్రం సత్తు గిన్నెతో వచ్చినామె మూల తిరిగి, గుమ్మం చూసి, చెప్పులు విడిచి దండం పెట్టి వెనక్కి తిరిగింది. అందులో కోపం లేదు, అలక లేదు. మానుకోటకు తిరిగిపోయిన పెద్దమ్మ కబురు పంపింది, తల్లి శాంతించాకే మళ్ళీ వస్తానని. అక్క చాలా రోజుల తర్వాత వెనక గది తలుపు తెరిచి నడింట్లోకి వచ్చి కూర్చుని అన్నం తిన్నది. నన్ను చూసి నవ్వింది. నవ్వి నవ్వి పొట్ట పట్టుకుని, "అమ్మో, తన్నుతున్నడు" అన్నది. ఆ ఒక్క మాటకు నా ధర్నా పోతే పోయిందనిపించింది.

కానీ తల్లి ఊరికే పోయదు, ఆమెతో పాటు కట్టుబాట్లు కూడా వస్తాయి. ఇంట్లో తాలింపు పెట్టకూడదు. నూనెలో ఆవాలు చిటపటమంటే తల్లికి కోపం. దసరా పూట మా ఇంట్లో చప్పిడి పప్పు, మజ్జిగ, ఉల్లిగడ్డ. ఇంకా ముఖ్యంగా, తల్లి ఉన్న ఇంట్లో మాంసం తెగకూడదు. అట్లా మా మేకపోతు కర్పూరం మూట మెడలో వేసుకుని, పెరట్లో ఆకులు నములుతూ పండుగ దాటేసింది. పంది జ్వరం కాలంలో ఆ మూట నిజంగా పని చేసిన ప్రాణి నాకు తెలిసి అదొక్కటే.

బాపు అన్నట్టే దుకాణంలోకి మనిషి రాలేదు. బట్టలు ఇచ్చినవాళ్ళు కూడా తల్లి పోయినంక తీసుకుంటామన్నారు. జీవితంలో మొదటిసారి దసరాకు పని లేక ఆయన మిషన్ ముందర ఊరికే కూర్చుని, నాయినమ్మ పాత నూలు చీర ఒకటి చింపి చిన్న చిన్న ముక్కలకు అంచులు మడిచి కుట్టసాగాడు. అమ్మ చూసి మండిపడింది.

"కడుపుల బిడ్డకు ముందుగాల కుడ్తరా? ఏం బుద్ధి?"

"బిడ్డకెవరు కుట్టిన్రు? మిషన్ తుడ్వనీకి" అన్నాడు బాపు, తల ఎత్తకుండా. మిషన్ తుడిచే గుడ్డలకు అంత సన్నటి కుట్టు నేను ఎక్కడా చూడలేదు.

నా సంగతి చెప్పాలంటే, నేను రోగిని కాదు, దేవతను. తల్లి పోసిన మనిషి మాట తల్లి మాటే. ఎదురింటి పెద్దామె రోజూ పొద్దున గడప ముందర చెంబెడు పసుపునీళ్ళు పోసి, కిటికీకి దూరంగా నిలబడి చేతులు జోడించేది. ఒకరోజు అడిగేసింది.

"తల్లీ, నా కొడుక్కు సర్కారు నౌకరి ఎప్పుడొస్తది తల్లీ?"

నాకు నవ్వు ఆగలేదు, దాన్ని దగ్గుగా మార్చుకుని కళ్ళు మూసుకున్నాను. అప్పట్లో ఏ ప్రశ్నకైనా నా దగ్గర ఒకటే జవాబు ఉండేది. "తెలంగాణ వస్తె వస్తది" అన్నాను.

ఆమె అక్కడికక్కడే నీళ్ళు నిండిన కళ్ళతో, "తెలంగాణ ఎప్పుడొస్తది తల్లీ?" అన్నది.

ఆ గొంతులో ఉన్నది విని నాకు నవ్వు పోయింది. "వస్తది. తప్పకుండ వస్తది" అన్నాను. దేవతగా కాదు, నేనుగా అన్నాను. ఇది గల్లీ అంతా పాకింది. సాయంత్రానికి మా ధర్నావాళ్ళు నలుగురు కిటికీ ముందుకు వచ్చి, జెండాలు పక్కన పెట్టి, తల్లి ముహూర్తమేదన్నా చెబుతుందేమోనని నిలబడ్డారు. వాళ్ళలో ఇద్దరు దేవుడు లేడని నాతో తెల్లవార్లూ వాదించినవాళ్ళు. కొన్నేళ్ళకు రాష్ట్రం వచ్చింది. ఎదురింటి పెద్దామె ఇప్పటికీ ఆ తల్లి ముందే చెప్పిందంటుంది. కొడుకు నౌకరి సంగతి మాత్రం మళ్ళీ ఎత్తదు.

సద్దుల బతుకమ్మ సాయంత్రం డప్పులు, ఉయ్యాల పాటలు మా గల్లీ చివర నుంచి వినబడుతుంటే అక్క పెరట్లో అటూ ఇటూ తిరిగింది. నాయినమ్మ తంగేడు, గునుగు, బంతిపూలతో గిన్నెంత బతుకమ్మను పేర్చింది. ఆమె, అమ్మ, అక్క దాని చుట్టూ మెల్లగా తిరిగారు. ముగ్గురైతే చుట్టు బోసిపోయినట్టున్నదని నన్ను కూడా కలుపుకున్నారు. ముఖం నిండా చుక్కలతో, పంచెతో చప్పట్లు కొడుతూ తిరిగాను. అక్క పాడుతూ పాడుతూ ఆగిపోయి, "వచ్చే ఏడు బిడ్డను ఎత్తుకోని ఆడ్త" అన్నది. అనగానే నాలుక కరుచుకుంది. "ఏం గాదు" అనడానికి నోరు తెరిచిన అమ్మ వెంటనే మూసుకున్నది.

దసరా నాడు జమ్మి దగ్గరకు మేమెవరం పోలేదు. పొద్దు గుంకేవేళకు ఊరంతా జమ్మి ఆకులు చేతుల్లో పెట్టుకుని ఒకరినొకరు కౌగిలించుకుని తిరుగుతున్నారు. మా గుమ్మం మాత్రం మండలతో నిమ్మళంగా ఉన్నది. అప్పుడు దిగాడు బావ. హైదరాబాదు నుంచి నేరుగా రైలు దిగి, కొత్త అంగీ, ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో జమ్మి. మండలు చూసి ఒక్క క్షణం ఆగాడు.

"ఎవలికి పోసింది?"

కిటికీలోంచి నేను చెయ్యెత్తాను.

"ఓస్, నాకు చిన్నప్పుడే పోసింది. నాకేం భయం లేదు" అని నవ్వి, ఆ నవ్వులోనే దగ్గు అందుకున్నాడు. వంగి, గోడ పట్టుకుని, చాలాసేపు దగ్గాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ముఖం కందిపోయి ఉన్నది.

మేము ఊరంతటినీ ఆపే ఉపాయం పన్నాం గాని, అల్లుణ్ణి ఆపే ఉపాయం పన్నలేదు. మా వైపు అల్లుణ్ణి గడప దగ్గర ఆపడమనేది లేదు. దసరాకు వచ్చిన అల్లుణ్ణి అసలే లేదు. అమ్మ కాళ్ళకు నీళ్ళ చెంబు పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, దగ్గు విని, చెంబుతో అట్లాగే నిలబడింది. బాపు "రా అయ్యా" అని అలవాటు కొద్దీ అని, ఆ తర్వాత ఏమనాలో తెలియక మెడలో టేపు సవరించుకున్నాడు. పోలీసులకు ఎదురు నిలబడతానని చెప్పుకునే నేను చాప మీదనుంచి లేవలేదు. నోరున్న నాయినమ్మ కూడా నోరు తెరవలేదు. బావ చెప్పులు విడిచాడు. ఎదురింటి పెద్దామె అరుగు మీదనుంచి చూస్తోంది, ఆమె వెనక ఇంకో నలుగురు.

లోపలినుంచి అక్క వచ్చింది. తలుపు రెక్కలు రెండూ దగ్గరికి లాగి, గొళ్ళెం పెట్టింది.

"ఆడనే ఆగుండ్రి."

బయటినుంచి బావ గొంతు. "ఏందే గిది? దసరా పూట? నేను నీ మొగణ్ణి."

"మీరు దగ్గుతున్నరు. హైదరాబాదుకెల్లి వచ్చిన్రు. లోపటికి రాకున్రి."

"ఏం గాదే. రైల్ల సల్లగాలి గొట్టింది."

"రెండుసార్లు అందరు ఏం గాదనే అన్నరు" అన్నది అక్క. తలుపుకు వీపు ఆనించి నిలబడి, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని ఏడుస్తోంది. గొంతు మాత్రం వణకనివ్వలేదు. "మీకు దండం పెడ్త. ఆగుండ్రి."

గల్లీ అంతా చూస్తుండగా బావ వంగి జమ్మి ఆకు గడప మీద పెట్టి, మెల్లగా రోడ్డు వైపు నడిచాడు. అప్పటికి బాపుకు కాళ్ళొచ్చి, లోపలినుంచి దుకాణం తలుపు తెరిచి, "అయ్యా, ఇటు రా, ఇటు" అని కేకేశాడు. బావను దుకాణంలో బట్టలు కత్తిరించే బల్ల మీద పడుకోబెట్టి, ఇంటికి మధ్యనున్న తలుపు ఇటునుంచి బిగించారు. కొలతలు తీసిన అంగీల కింద, కాజాలు కాని జాకెట్ల మధ్య మా ఇంటి అల్లుడికి దసరా జరిగింది.

"అల్లునిక్కూడ పోసిందట" అని నాయినమ్మ గల్లీకి కబురు పంపింది. చిన్నప్పుడే పోసింది గదా అని ఒకామె అడ్డుపడితే, "తల్లి ఇష్టం, ఒకసారి పోస్తది, రెండుసార్లు పోస్తది, నిన్ను అడిగి పోస్తదా" అన్నది. గంజి, మందులు ఆమే మోసేది. వద్దే ముసలిదానివి అంటే, "నా నోటికి దడిసి ఏ రోగం నా దిక్కు రాదు" అనేది. నిజంగానే ఆమెకు రాలేదు. ఆ జ్వరం ముసలివాళ్ళ జోలికి తక్కువగా పోతుందని తర్వాత ఒక డాక్టరు చెప్పాడు గాని, ఆ ముక్క మేము ఆమెకు చెప్పలేదు.

బావకు జ్వరం బాగానే పట్టింది. ఒకరోజు ఊపిరి సరిగా ఆడక బాపు దవాఖానకు తీసుకుపోయాడు. ముక్కులోంచి ఏదో తీసి పరీక్షకు హైదరాబాదు పంపి, గోలీలు ఇచ్చి పంపించారు. తిరిగి అదే బల్ల. అక్క మధ్య తలుపుకు ఇటు పక్క చాప వేసుకుని కూర్చునేది. మొదట్లో ఆయన మాట్లాడలేదు. అక్కే మాట్లాడేది, ఈ రోజు ఎన్నిసార్లు తన్నాడో, ఏం తినబుద్ధవుతున్నదో. రెండో రోజో మూడో రోజో అటునుంచి, "ఇప్పుడు తన్నుతున్నడా?" అని గొంతు వినబడింది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గడప మీది జమ్మి ఆకును ఆమె పసుపునీళ్ళలో కడిగి ఒక గుడ్డలో కట్టి దాచుకున్నది, ఆ సంగతి కూడా తలుపు లోంచే చెప్పింది. పరీక్ష ఫలితం బావ లేచి తిరగడం మొదలుపెట్టాక వచ్చింది. అది పంది జ్వరమే.

నాయినమ్మ మాట ప్రకారం తల్లికి బోనం పెట్టింది. నేను వేపాకు నీళ్ళతో స్నానం చేసి మామూలు మనిషినయ్యాను. మండలు విప్పేశాం.

బిడ్డ చలికాలంలో పుట్టింది. అప్పటికి ఉద్యమం మంటలా లేచింది, రోజు విడిచి రోజు బందే. ఆడపిల్ల. మిషన్ తుడిచే గుడ్డలన్నీ ఆ పిల్లకు పొత్తిగుడ్డలయ్యాయి. అమ్మ వాటిని పిండుతూ బాపును ఏమీ అనలేదు.

బిడ్డను తొట్టెలలో, అంటే ఉయ్యాలలో, వేసే రోజు భూపాలపల్లి నుంచి అక్క అత్తగారు వచ్చింది. ఇంటి నిండా ఆడవాళ్ళు, మానుకోట పెద్దమ్మతో సహా. దసరా దాటిన మేకపోతు ఆ రోజు దాటలేదు. అత్తగారు అందరి మధ్యలో కూర్చుని, కడుపులో చాలా కాలంగా దాచుకున్నది బయటపెట్టింది.

"మస్తు మర్యాద చేసిన్రు లే. దసరా పూట నా కొడుకును గడప దాటనియ్యలే. జరమొచ్చినోణ్ణి దుకాణంల పండవెట్టిన్రు. గల్లంత నవ్విన్రు. ఏమైంది ఆఖరికి? పిల్ల మంచిగనే పుట్టె, వాడు మంచిగనే లేచె. ఏం గాలేదు గదా! గదానికి గంత లొల్లి చేసిన్రు."

అమ్మ తల దించుకుంది. మూలన నిలబడ్డ బావ గోడ వైపు చూశాడు. నాయినమ్మ ఆకులు నమలడం ఆపి నోరు తెరిచింది. ఆ నోరు తెరిస్తే ఏమవుతుందో మాకందరికీ తెలుసు. కానీ అంతలో అక్క లేచింది. తొట్టెలలోంచి బిడ్డను తీసి, తల కింద చెయ్యి పెట్టి, తెచ్చి అత్తగారి ఒళ్ళో పడుకోబెట్టింది.

"ఔ అత్తమ్మా," అన్నది. "ఏం గాలేదు."

అత్తగారు ఏదో అనబోయింది. పిల్ల ఆమె వేలు పట్టుకుంది. ఆమె వంగి పిల్ల ముఖంలోకి చూసింది, కొంగు తలమీదికి లాక్కుంది, ఇంక ఆ మాట ఎత్తలేదు.